హ్రోన్సెక్ పల్లె కొయ్య చర్చి

స్లొవేకియాలోని హ్రోన్సెక్ పల్లెలో 1726లో పూర్తయిన లూథరన్ చర్చిని కలపతో కట్టారు. అందుకు కారణం డబ్బు కొరత కాదు, రాజశాసనం. అప్పట్లో ఈ ప్రాంతం హంగరీ రాజ్యంలో ఉండేది. ఆ రాజ్యాన్ని ఏలిన క్యాథలిక్ చక్రవర్తి మొదటి లియోపోల్డ్ కాలంలో, 1681లో, షోప్రోన్‌లో కూడిన రాజ్య ప్రతినిధుల సభ లూథరన్లు సహా ప్రొటెస్టెంట్లకు చర్చీలు కట్టుకోవడానికి అరకొర అనుమతి ఇచ్చింది. ఒక్కో జిల్లాకు రెండు చర్చీలే. రాయి వాడకూడదు, ఇనుప మేకులు కొట్టకూడదు, గోపురం లేపకూడదు, ఏడాదిలో పని ముగించాలి అనే షరతులు కూడా ఉండేవని చెబుతారు.

వడ్రంగులు దూలాల కొనలు చెక్కి ఒకదానిలో ఒకటి బిగించారు. సిలువ ఆకారపు కట్టడం లోపల బల్లలు మెట్లుమెట్లుగా పైకి లేస్తాయి. ప్రొటెస్టెంట్ ఆరాధనలో ప్రసంగానిదే పెద్దపీట కాబట్టి బోధకుడి మాట అందరికీ వినబడాలి. సుమారు 1,100 మంది కూర్చోవచ్చు, పల్లెటూరికి ఇది చాలా పెద్ద చర్చే! గంటకు మాత్రం పక్కనే విడిగా కొయ్య గోపురం నిలిపారు. 2008లో యునెస్కో ఈ చర్చిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.