వేడి చాలని బొగ్గు పొయ్యి – గాలి దారి సరిచూద్దాం



అమెరికాలో పెన్సిల్వేనియా ఈశాన్య ప్రాంతం ఆంత్రసైట్ బొగ్గుకు పేరుపడ్డ చోటు. స్క్రాంటన్, విల్క్స్‌బారీ, హేజల్టన్ వైపు చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి ఇప్పటికీ ఈ బొగ్గు వాడేవాళ్లున్నారు. ఫైర్‌ప్లేస్ గూట్లో ఇమిడేలా చేసిన ఇనుప పొయ్యిని ఇన్సర్ట్ అంటారు. దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్ల దగ్గర తరచుగా వినిపించే మాట ఒకటుంది: "బొగ్గు పోస్తూనే ఉన్నాం, గది మాత్రం వేడెక్కడం లేదు." అటువైపు ఉంటున్న మన తెలుగు కుటుంబాల కోసం ఈ నాలుగు మాటలు.

ముందు ఈ బొగ్గు స్వభావం తెలియాలి. ఆంత్రసైట్ గట్టిది, దాదాపు అంతా కర్బనమే. మన సింగరేణి బొగ్గులా పొగతో మండదు. పొట్టి నీలి మంటతో నిదానంగా కాలుతుంది. అంటుకోవడం మాత్రం కష్టం. ఒకప్పుడు కమ్మరులు తిత్తులతో ఊది దీన్ని మండించేవారు. 1808 ఫిబ్రవరిలో విల్క్స్‌బారీలో జెస్సీ ఫెల్ అనే ఆయన ఇనుప ఊచల మీద ఈ బొగ్గు పేర్చి, తిత్తి లేకుండానే మండించి చూపించాడు. కింది నుంచి ఊచల సందుల్లోకి గాలి అందితే చాలని తేలింది. మన ఇళ్లలో బొగ్గుల కుంపటికి అడుగు కంత దగ్గర విసిరేవాళ్లం కదా, సూత్రం అదే. కట్టెలకు పై గాలి పనికొస్తుంది. ఈ బొగ్గుకు గాలి అడుగు నుంచే రావాలి. వేడి తగ్గినప్పుడు మొదట చూడాల్సింది ఆ దారినే.

పొయ్యి పూర్తిగా చల్లారాక పరీక్ష మొదలుపెట్టండి. అసలు అది బొగ్గుకు తయారైనదేనా? అడుగున కదిలే ఊచలు లేకపోతే అది కట్టెల పొయ్యి. అందులో బొగ్గు సరిగా కాలదు. ఊచలుంటే అవి వంగాయా, విరిగాయా, లోపలి అగ్గి ఇటుకలు అన్నీ ఉన్నాయా చూడండి.

తర్వాత బూడిద. ఊచల సందులు బూడిదతోనో, కరిగి గడ్డకట్టిన చిట్టెంతోనో పూడుకుపోతే గాలి ఆగిపోతుంది. రోజూ ఊచలు కదిపి, కింద ఎర్రటి నిప్పు రవ్వలు రాలడం మొదలయ్యేదాకా బూడిద దులపాలి. ఆ తర్వాత బొగ్గును ఇటుకల అంచు దాకా నింపాలి. పలచగా పరిస్తే నిప్పు నిలవదు. కొత్త బొగ్గు పోసేటప్పుడు ఒక మూల ఎర్రటి నిప్పు పైకి కనబడేలా వదలండి. మొత్తం కప్పేస్తే లోపల వాయువులు పోగై, ఒక్కసారిగా భగ్గుమనే ప్రమాదముంది.

మూడోది తలుపు అంచున ఉండే తాడులాంటి గ్యాస్కెట్. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే గ్యాస్కెట్ మార్చాలి. పై తలుపు కారితే చల్లగాలి నిప్పుల పైనుంచే పొగగొట్టంలోకి పోతుంది, నిప్పు మందగిస్తుంది. బూడిద అర తలుపు కారితే దీనికి ఎదురు: నిప్పు హద్దు మీరుతుంది. వేడి కోసమని ఆ తలుపు తెరిచి ఉంచకండి, ఊచలు వంగిపోతాయి.

నిప్పు కణకణలాడుతున్నా గది చల్లగానే ఉంటే, వేడి గోడలోకీ పొగగొట్టంలోకీ పోతోందన్నమాట. ఇన్సర్ట్ మూడు వైపులా గూట్లోనే ఉంటుంది కాబట్టి వేడిని గదిలోకి తోసేది ఫ్యానే. దాని రెక్కలకు పట్టిన దుమ్ము దులపండి. పెద్ద పొగగొట్టంలోకి సరైన స్టీల్ లైనర్ దింపి, పై ఖాళీని మూయిస్తే వేడి నిలుస్తుంది, పొగలాగుడూ కుదురుతుంది. పొగదారిలో పేరుకున్న సన్నటి బూడిదను సీజన్ అయిపోగానే తీయించాలి. వేసవి తేమకు అది ఆమ్లంగా మారి లోహాన్ని తినేస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ప్రాణం. బొగ్గు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేడి మిగుల్చుకుందామని పొగగొట్టంలోని డ్యాంపర్ అనే అడ్డు రేకును బిగించి మూస్తే ఆ వాయువు ఇంట్లోకే వస్తుంది. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా అలారం పెట్టండి. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, తలతిరుగుడు, వికారం వచ్చి, బయటికెళ్తే తగ్గితే దాన్ని జలుబు అనుకోకండి. అందరూ వెంటనే బయటికి వచ్చేసి 911కు ఫోన్ చేయండి.

బూడిద, బొగ్గు మందం, గ్యాస్కెట్, ఫ్యాన్, పొగగొట్టం. ఈ వరుసలో చూసుకుంటూ వెళ్లండి. మొదటి నాలుగూ చాలావరకు మీరే చూసుకోగలరు. పొగగొట్టాన్ని మాత్రం పని తెలిసినవాళ్లకు చూపించాకే ఈ ఏడాది మొదటి నిప్పు రాజేయండి.