చెరువు తెప్పకు బ్యాటరీ మోటారు – మా సంఘం అనుభవం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మాట్లాడిన ప్రసంగం)



పోయిన నెల మీటింగులో చాలామంది మమ్మల్ని ఒక్కటే అడిగినారు. "మీ చెరువులో మోటారు తెప్ప నడుస్తా ఉందంట కదా, మేమూ తీసుకోవచ్చునా, ఎంతవుతుంది?" అని. ఎంతవుతుందో చెప్పే ముందు, తెలియక మేము ఎంత పోగొట్టుకున్నామో చెప్పాలని సంఘంలో మాట్లాడుకొని వచ్చినాము. మాలో ఎక్కువ చదివింది పదో తరగతే. మాకు అర్థమైంది మీకూ అర్థమవుతుంది, భయపడొద్దండి.

2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. మన జిల్లాలో ఏండ్ల తరబడి ఎండిన చెరువులు కూడా నిండి మరవ పోయినాయి. ఆ నీళ్ళు చూసినాకనే మా పదకొండు మందికి చేపల ఆలోచన వచ్చింది. పంచాయతీలో చెరువు పాట పాడుకొని కట్ల, రోహు, మృగాల పిల్లలు వదిలినాము. చేపలకు మేత పెట్టాలంటే తవుడు, శెనక్కాయ చెక్క కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువు లోపల నాటిన కట్టెలకు వేలాడగట్టాలి. దానికి పుట్టి నడిపే ఒక అన్నను దినకూలికి పెట్టుకున్నాము. ఆయనకు వేరే పని దొరికిన దినం రాడు. ఆ దినం మేత మూటలు గట్టు మీదనే ఉండిపోయేవి.

కాణిపాకం బ్రహ్మోత్సవాల్లో స్వామి తెప్ప మీద తిరిగేది మనమంతా చూసిందే. అట్లాంటి తెప్ప మనమే కట్టుకుంటే పోలేదా అని ఒక అక్క అనింది. 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు ఎనిమిది తెచ్చి, నాలుగు ఈ పక్క, నాలుగు ఆ పక్క పడుకోబెట్టి, మీద ఇనుప పైపుల చట్రం వెల్డింగ్ చేయించి పలకలు పరిచినాము. గడతో తోస్తే కదిలింది. అయితే ఇద్దరు ఆడోళ్ళు 200 కిలోల మేత వేసుకొని ఎదురుగాలికి తోసేసరికి రెట్టలు పడిపోయేవి. అప్పుడు మోటారు మాట వచ్చింది.

ఊర్లో తలా ఒక మాట చెప్పినారు. పెట్రోలు ఇంజను పెట్టమన్నోళ్ళు కొందరు. నూనె నీళ్ళల్లో పడితే చేపలకు మంచిది కాదు, తాడు లాగి స్టార్ట్ చేసేది మాకు కష్టం, రోజూ పెట్రోలు ఖర్చు. అది వద్దనుకున్నాము. నీళ్ళల్లోకి దించి వెనక కూర్చొని తిప్పుకొనే బ్యాటరీ మోటారు ఉందని ఒక అక్క కొడుకు ఫోనులో చూపించినాడు. దాన్ని ట్రోలింగ్ మోటారు అంటారు. చప్పుడు లేకుండా మెల్లగా పోతా చేపలు పట్టుకొనేదానికి 1934లో అమెరికాలోని ఫార్గో అనే ఊర్లో ఓ.జి.ష్మిత్ అనే ఆయన అట్లాంటిది తయారు చేసినాడంట. కేరళలో అయితే 2017 నుండి వైకం దగ్గర 'ఆదిత్య' అనే పెద్ద పడవ 75 మందిని ఎక్కించుకొని సోలారు కరెంటుతోనే నడుస్తా ఉంది. కాబట్టి బ్యాటరీతో పడవ నడవదు అన్నోళ్ళ మాట నమ్మొద్దండి.

లింకేజీ అప్పులో కొంత పక్కన పెట్టుకొని షాపుకు పోయినాము. షాపాయన "ఎంత పెద్దది కావాలమ్మా" అని అడిగితే మా కాడ జవాబు లేదు. "పెద్దదే తీసుకోండి" అని 80 పౌన్ల మోటారు చూపించినాడు. దానికి 24 వోల్టులు కావాల, అంటే రెండు బ్యాటరీలు, రెట్టింపు ఖర్చు. సంతకం పెట్టబోతా ఉంటే మా బుక్‌కీపరు చెల్లెలు, "మే, మన తెప్ప ఎంత బరువో తెలీకుండా మోటారు ఎట్లా కొంటాము?" అనింది. డబ్బు కొంగున కట్టుకొని తిరిగి వచ్చేసినాము.

ఇంటికొచ్చి లెక్క వేసినాము. మీరూ రాసుకోండి. ఒక లీటరు నీళ్ళు ఒక కిలో. కాబట్టి 200 లీటర్ల డ్రమ్ము నీళ్ళల్లో పూర్తిగా మునిగితే 200 కిలోలు మోస్తుంది. ఎనిమిది డ్రమ్ములు 1600 కిలోలు. కానీ అందులో సగం కంటే జాస్తి బరువు పెట్టకూడదు. అల వచ్చినా, అందరూ ఒక పక్కకు జరిగినా ఆ మిగిలిన సగమే కాపాడేది. ఇప్పుడు మా బరువు: డ్రమ్ములు 72, చట్రం, పలకలు 180, నలుగురు మనుషులు 220, మేత 200, బ్యాటరీ 60, మోటారు 12. అంతా కలిపి 744 కిలోలు. 800 లోపలే ఉంది.

మోటారు బలాన్ని తోపు అంటాము, దాన్ని పౌన్లలో చెప్తారు. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. ప్రతి 45 కిలోల బరువుకు 2 పౌన్ల తోపు ఉండాలని ఒక లెక్క. మా 744 కిలోలకు 33 పౌన్లు వచ్చింది. అది గాలి లేనప్పటి లెక్క. డ్రమ్ముల తెప్ప వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది, గాలి బాగా పట్టుకుంటుంది. అందుకని ఒకటిన్నర రెట్లు చూసుకొని 55 పౌన్ల మోటారు తీసుకున్నాము. అది 12 వోల్టులకే నడుస్తుంది, ఒక్క బ్యాటరీ చాలు. బరువు లెక్క వేసినందుకు ఒక బ్యాటరీ డబ్బు మిగిలింది.

రెండో విషయం కాడ పొడుగు. తెప్ప వెనక పలకకు మోటారు బిగిస్తే దాని ఫ్యాను నీటి మట్టానికి కనీసం జానెడు లోతున ఉండాల. పైకి ఉంటే గాలి పీల్చి తిరుగుతుంది, తెప్ప కదలదు. కొలత తీసుకొనేటప్పుడు తెప్ప ఖాళీగా ఉండాల. ఖాళీ తెప్ప పైకి తేలుతుంది కదా, అప్పుడు జానెడు ఉంటే బరువు వేసినాక ఇంకా లోతుకే పోతుంది. మాది ఖాళీగా ఉన్నప్పుడు పలక నీళ్ళ కంటే 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. 30 అంగుళాల కాడ చాలలేదు, 36 అంగుళాలది తీసుకున్నాము. రెండు డ్రమ్ముల వరసల నడుమ, సరిగ్గా వెనక మధ్యలో బిగించినాము. ముందు భాగాన బిగిస్తే గాలిలో దారి బాగా పట్టుకుంటుందని చెప్తారు. మాకు మాత్రం ముందు ఇద్దరు నిలబడి సంచులు కట్టాల, అందుకే వెనకే మేలు అనుకున్నాము.

ఇంతవరకు బాగానే చేసినాము. తప్పు బ్యాటరీ కాడ చేసినాము. డబ్బు మిగలాలని పాత కారు బ్యాటరీ ఒకటి 4 వేలకు తీసుకున్నాము. వైరు కూడా ఇంట్లో వైరింగుకు మిగిలిన సన్న వైరే కట్టినాము. గడ బరువని గట్టు మీదనే వదిలేసినాము. లైఫ్ జాకెట్టు ఒక్కటే కొన్నాము.

ఆషాఢంలో ఒక సాయంత్రం ముగ్గురు మేత కట్టి తిరిగి వస్తా ఉంటే గాలి లేచింది. మోటారును పూర్తి వేగానికి తిప్పినారు. వైరు కాలి పొగ వచ్చింది, మోటారు ఆగిపోయింది. చేతిలో గడ లేదు, తెడ్డు లేదు. తెప్ప గాలికి కొట్టుకుపోయి నీళ్ళల్లో మునిగిన కంపచెట్లకు తగులుకొని నిలిచింది. ముగ్గురిలో ఇద్దరికి ఈత రాదు. చీకటి పడింది. గట్టు మీద పిల్లలు ఏడుస్తా ఉంటే మేము నిలబడి చూసినాము, ఏమీ చేయలేకపోయినాము. చివరికి పుట్టి వేసుకొని పోయి తెచ్చింది ఎవరనుకున్నారు? తెప్ప వచ్చినాక మేము పని మాన్పించిన ఆ అన్నే. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మరుసటి సంఘం మీటింగులో ఎవరూ తల ఎత్తలేదు. వలలు వేసే దినాల్లో పని ఆయనకే ఇవ్వాలని ఆ దినమే తీర్మానం రాసినాము.

తరువాత ఒక ఎలక్ట్రీషియను దగ్గర కూర్చొని కారణం తెలుసుకున్నాము. మన ఇంట్లో 600 వాట్ల మిక్సీ 230 వోల్టులకు నడుస్తుంది, 3 ఆంపియర్లు కూడా లాగదు. అదే 600 వాట్లు 12 వోల్టులకు కావాలంటే 50 ఆంపియర్లు లాగుతుంది. అంత కరెంటు సన్న వైరులో పోతే అది పొయ్యి అవుతుంది. ఇప్పుడు 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, నొక్కి బిగించిన లగ్గులు, బ్యాటరీకి జానెడు దూరంలో 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టుకున్నాము. ఇంటి కరెంటుకు వాడే బ్రేకరు దీనికి పనికిరాదు, డీసీది అని అడిగి తీసుకోవాల. ఎరుపు ప్లస్సు, నలుపు మైనస్సు, తారుమారు కాకుండా రంగు టేపు చుట్టినాము.

కారు బ్యాటరీ పని వేరు. బండి స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారి గట్టిగా ఇస్తుంది, అంతే. గంటల తరబడి కొంచెం కొంచెంగా ఇచ్చేదానికి ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ బ్యాటరీ కావాల. మాది 150 ఏహెచ్. అందులో సగం, అంటే 75 వరకే వాడాల, ఇంకా దించితే బ్యాటరీ ఆయుసు తగ్గుతుంది. పూర్తి వేగంలో 50 ఆంపియర్లు లాగితే గంటన్నర కూడా రాదు. సగం వేగంలో 20 ఆంపియర్లే లాగుతుంది, మూడు గంటలకు పైగా వస్తుంది. మాకు మేత కట్టే పని గంటన్నరలో అయిపోతుంది. అందుకే పూర్తి వేగం గాలి వచ్చినప్పటికే దాచుకుంటాము. తిరిగి నింపేదానికి యూనిటు, యూనిటుంబావు కరెంటు చాలు. లిథియం బ్యాటరీ బరువు చాలా తక్కువ, ఆయుసు ఎక్కువ, ధర కూడా ఎక్కువే. అప్పు తీరినాక చూద్దామనుకున్నాము.

బ్యాటరీని వాడిన దినమే చార్జింగు పెట్టాల. గాలి ఆడే చోట పెట్టాల, నిప్పు దగ్గరికి రానీకూడదు. డిస్టిల్డ్ వాటరే పోయాల, మన బోరు నీళ్ళు పోస్తే చెడిపోతుంది. తెప్ప మీద మూత ఉన్న పెట్టెలో, నడిమధ్యలో పెట్టి బెల్టుతో కట్టాల. ఫ్యానుకు నాచు, వల దారం చుట్టుకుంటే ముందు బ్యాటరీ వైరు తీసినాకనే చెయ్యి పెట్టాల. ఫ్యాను పిన్ను ఒకటి జాస్తిగా దగ్గర ఉంచుకోవాల.

ఆడోళ్ళకు ఇంకో మాట. చీర కొంగు, వదులు చున్నీ తిరిగే ఫ్యానుకు తగిలితే మనిషిని లాగుతుంది. తెప్ప ఎక్కేటప్పుడు కొంగు నడుముకు చుట్టి దోపుకోవాల, దాని మీద లైఫ్ జాకెట్టు వేసుకోవాల. నలుగురికి నాలుగు జాకెట్లు, రెండు గడలు, ఒక తాడు, చార్జింగు ఉన్న ఫోను. ఇవి లేకుండా తెప్ప తాడు విప్పకూడదని మా మినిట్స్ బుక్కులో రాసి అందరం సంతకాలు, వేలిముద్రలు పెట్టినాము.

పోయిన కనుమ దినం ఊరి పెద్దలు వచ్చి, "పిల్లోళ్ళను ఒక రౌండు తిప్పండి, తలకు పది రూపాయలు ఇస్తాము" అన్నారు. అప్పు కంతు దగ్గర పడింది, ఆశ పుట్టింది, దాచేదేముంది. కానీ 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు కాడ బోటు మునిగిన వార్త మన ఇండ్లలో టీవీల్లో దినాల తరబడి చూసినాము. జనాన్ని ఎక్కించుకోవాలంటే పడవను అధికారులు పరీక్ష చేయాల, రిజిస్ట్రేషన్ కావాల, దానికి 2021లో కొత్త చట్టం కూడా వచ్చింది. మాది మేత తెప్ప. కుదరదని చెప్పినాము. కొందరు మొహం తిప్పుకొని పోయినారు. పోనీలే అనుకున్నాము.

ఇంకొకటి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మహిళలకు ఖర్చులో 60 శాతం దాకా సాయం పెట్టినారు. దేనికి వస్తుంది, దేనికి రాదు అనేది కొనక ముందే మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. మేము కొన్నాక అడిగినాము.

మా 4 వేల బ్యాటరీ, కాలిన వైరు ఇంకా మీటింగు జరిగే ఇంట్లో మూల పెట్టి ఉన్నాయి. ఎవరైనా సంఘం వాళ్ళు తెప్ప చూడాలని వస్తే ముందు అవే చూపిస్తాము. ఒక ఆదివారం రండి, కాగితం, పెన్ను తెచ్చుకోండి, మీ బరువు లెక్క కూడా కూర్చొని వేద్దాము. అది అయినాకనే షాపుకు పోండి.