బర్గండీ ఎఱ్ఱ వైను: తక్కువ వెలలో ఎంపిక

ఫ్రాన్సు దేశపు బర్గండీ ప్రాంతమున తయారగు ఎఱ్ఱ వైనులకు గల కీర్తి ఎంతటిదో, వాని వెలయు అంతటిది. ఆ కీర్తి విని ఆశపడి, చేతనున్న కొద్ది సొమ్ముతో ఒక సీసా కొని, ఇంటికి పోయి రుచి చూచి, “దీనికా ఇంత పేరు?” అని నిరుత్సాహపడినవారు పెక్కుమంది కలరు. విదేశములందు నివసించు మనవారికిని ఈ అనుభవము క్రొత్త కాదు. తప్పు వైనుది కాదు, త్రాగినవారి నాలుకదియు కాదు. చిక్కంతయు సీసామీది చీటీని చదువుటలో నున్నది. ఆ చీటీని ఎట్లు చదువవలెనో, ఏ పేరులకు సొమ్ము చెల్లింపవచ్చునో, ఏ పేరులకు చెల్లింప నక్కరలేదో నేడు మనవి చేసెదను.

దిజోఁ పట్టణపు దక్షిణపు అంచున మొదలై, ఇంచుమించు 50 కిలోమీటర్ల పొడవున ఒక సన్నని కొండవాలు తూర్పునకు మొగమై సాగుచున్నది. దానికి కోత్ దోర్ అని పేరు. సున్నపురాయియు బంకమన్నును కలిసిన ఆ నేలపై ఎఱ్ఱ వైను కొఱకు పెంచు ద్రాక్ష పినో న్వార్. దాని తొక్క పలుచన, స్వభావము సుకుమారము. వాలు నడుమ పండిన పండునకును, దానికి కొద్ది దూరమున దిగువను పండిన పండునకును రుచిలో భేదము కనబడును. 1098లో స్థాపితమైన సితో మఠపు సన్న్యాసులును, ఇతర మఠములవారును ఈ భేదములను తరతరములు పరిశీలించిరి. చేనికొక పేరు ఏర్పడినది. మన పల్లెలలో గుడిమాన్యము, చింతలచేను, చెఱువుక్రింది మడి అని పిలుచుకొనునట్లే. ఇట్టి పేరుగల తోటలను అచట క్లిమాలు అందురు. 2015లో యునెస్కో ఈ క్లిమాలను ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చినది.

వైనుల తరగతులు ఈ నేలను అనుసరించియే ఏర్పడినవి. శిఖరమున గ్రాఁ క్రూ అను తోటలు 33 కలవు. మొత్తము పంటలో వాని పాలు నూటికి ఒకటి ప్రాంతము. వాని క్రింద ప్రెమ్యే క్రూ, ఆ క్రింద గ్రామము పేరుతో అమ్మునవి, అన్నిటికిని అడుగున ‘బుర్గోన్’ అను ప్రాంతనామముతో మాత్రమే అమ్మునవి. సన్నని సంచి గలవారికి పని ఈ అడుగు తరగతితోను, దానిపై మెట్టునగల గ్రామములలో కీర్తి తక్కువైనవానితోను.

ఇచట మోసము కాని మోసమొకటి కలదు. 1847లో జెవ్రే అను గ్రామమువారు తమ ఊరిలోని ప్రసిద్ధమైన షాంబెర్తాఁ తోట పేరును ఊరిపేరునకు తగిలించుకొనిరి. ఊరు జెవ్రే-షాంబెర్తాఁ అయినది. పొరుగువారు ఊరకుందురా? షాంబోల్ వారు ముసిన్యీని, వోన్ వారు రొమానేని తగిలించుకొనిరి. చట్టమునకు విరుద్ధమేమియు లేదు. అయితే షాంబెర్తాఁ అని మాత్రమే వ్రాసిన సీసా గ్రాఁ క్రూ. జెవ్రే-షాంబెర్తాఁ అని వ్రాసినది గ్రామపు వైను. రెంటికిని వెలలో ఎన్నో రెట్ల తేడా. గ్రామపు వైను మంచిదే కావచ్చును గాని, దాని వెలలో కొంత భాగము అడ్డగీత తరువాతి పేరునకు చెల్లుచున్నది. మొదటిసారి కొనువారు ఆ గీతను చూచి ప్రక్కకు తొలగుట మేలు. (సవిన్యీ-లే-బోన్ వంటి పేరులలోని గీత వేఱు. బోన్ పట్టణము చెంతనున్న సవిన్యీ అని మాత్రమే దాని అర్థము.)

ఊరిపేరు కంటె ముఖ్యమైనది మనిషి పేరు. ఫ్రెంచి విప్లవకాలమున ప్రభుత్వము మఠముల భూములను స్వాధీనము చేసికొని అమ్మివేసినది. పిమ్మట 1804 నాటి నెపోలియను ధర్మశాసనము బిడ్డలందఱికిని సమభాగము విధించుటచే తోటలు తరతరమునకు చీలుచు వచ్చినవి. క్లో ద వూజో అను గ్రాఁ క్రూ తోట ఇంచుమించు 50 హెక్టారులు. దానికి నేడు 80కి పైగా యజమానులు. ఒకే తోట, ఒకే పేరు, ఒకే సంవత్సరము; చేయువారు మాత్రము పెక్కుమంది. ఒకరిది అమృతము, ఒకరిది నీళ్లచారు. గ్రాఁ క్రూ సంగతియే ఇట్లుండగా అడుగు తరగతి మాట చెప్పవలెనా?

తోట పండించి, వైను చేసి, తామే సీసాల కెక్కించువారి సంస్థను దొమేన్ అందురు. ఇతరులనుండి ద్రాక్షగాని వైనుగాని కొని తమ పేరుతో అమ్ము వర్తకులు నెగోసియాఁలు. ఒకప్పుడు వ్యాపారము చాలవఱకు ఈ వర్తకుల చేతిలోనే ఉండెను. వారిలో కొందఱు చేయు కల్తీని ఎదిరించి, వొల్నే గ్రామపు మార్కీ దాంజెర్విల్, న్వీ-సాఁ-జోర్జ్‌కు చెందిన ఆఁరీ గూజ్ మున్నగువారు 1920, 1930ల ప్రాంతమున తమ వైనును తామే సీసాల కెక్కించి అమ్మ మొదలిడిరి. నేడు అట్టి దొమేన్‌లు వేలకొలది కలవు. వొల్నేయందో జెవ్రేయందో మంచి పేరు సంపాదించిన దొమేన్ వారు, ఊరి హద్దునకు వెలుపల, పెద్దబాటకు దిగువనున్న చదునునేలలో పండిన ద్రాక్షతో చేసిన వైనును కేవలము బుర్గోన్ అని అమ్ముచుందురు. చేయి అదే, శ్రద్ధ అదే, పేరొక్కటే చిన్నది. నా మట్టుకు, బర్గండీలో ఇచ్చిన సొమ్మునకు ఇంతకంటె న్యాయము చేయు సీసా వేఱొకటి లేదు. 2017 నుండి బుర్గోన్ కోత్ దోర్ అను పేరును వాడుకలోనికి వచ్చినది. ఆ వాలు ప్రాంతపు ద్రాక్ష తప్ప అందులో వేఱొకటి ఉండరాదు.

వర్తకులందఱును చెడ్డవారని నా భావము కాదు. లూయి జాదో, జోసెఫ్ ద్రువాఁ వంటి పాత సంస్థల బుర్గోన్ అనేక దేశములలో దొరకును, ఆశ్చర్యపఱుపకపోయినను నమ్మదగియుండును. కోత్ దోర్‌కు దక్షిణమున కోత్ షలోనేజ్‌లో 1931 నాటి బ్యుస్సీ సహకార సంఘము ఒకటి కలదు. రైతులు తమ పంటను తెచ్చి ఒకచోట వైను చేయించుకొందురు; వెల అందుబాటులో నుండును.

ఇక కీర్తి చాలని గ్రామములు. ఉత్తరమున మర్సానే, ఫిస్సాఁ. బోన్ చెంత సవిన్యీ, షొరే. కొండసందులలో మోఁతెలీ, ఓసే-ద్యూరెస్. దక్షిణపు కొసన సాఁతనే, మరాఁజ్. ఇంకను దిగువ మెర్క్యూరే, జివ్రీ. ఇవి వోన్-రొమానే వంటివని చెప్పను. మరాఁజ్ కొంత మోటు, మర్సానే కొంత బిరుసు. కాని నిజాయితీగల వైనులు. కోత్ దోర్ వెనుక ఎత్తైన గుట్టలపై ఓత్ కోత్ అను ప్రాంతము కలదు. పూర్వము చలి సంవత్సరములలో అచట పండు పూర్తిగ పండెడిది కాదు. వైను పులుపెక్కి సన్నగ నుండెడిది. ఇటీవలి దశాబ్దములలో ఎండలు పెరిగి అచట పండు పక్వమగుచున్నది. వాలుమీది వారికి బాధయైన వేడిమి గుట్టమీది వారికి మేలు చేసినది. వెల మాత్రము ఇంకను పాత పేరునే అనుసరించుచున్నది.

చవుకగ దొరకు మఱి రెండు పేరులను గూర్చి ఒక హెచ్చరిక. పాస్-తూ-గ్రేఁ అనునది పినో న్వార్‌తో గమే అను ద్రాక్షను కలిపి చేయునది. 2011లో వచ్చిన కొతో బుర్గిన్యోఁ అనునది పూర్తిగ గమేయే కావచ్చును. 1395లో బర్గండీ ప్రభువు సాహసి ఫిలిప్పు ఈ గమే తీగలను పెఱికివేయుడని ఆజ్ఞాపించెను. నాకు ఆ ప్రభువుతో ఏకీభావము లేదు. వేసవి మధ్యాహ్నమున చల్లని గమే హాయిగనే ఉండును. పినో రుచి కోరి కొనువారు మాత్రము చీటీపై పినో న్వార్ అను మాట ఉన్నదేమో చూచుకొనవలెను.

పంటయేడును చూడవలెను. 2021 ఏప్రిల్ మాసపు మంచునకు చిగుళ్లు మాడి పంట తగ్గినది. వైను పలుచనైనను వెల దిగలేదు. 2022లో పంటయు గుణమును బాగుండెను. 2023 పంట విస్తారము. 2024లో వానలును బూజుతెగులును రైతును పీడించినవి. అట్టి యేటనే మంచి దొమేన్ పేరు మఱింత ముఖ్యము.

గాజుపాత్రలో వంచినపుడు రంగు తేలికగ నున్నదని వెనుదీయరాదు. పినో న్వార్ రంగు సహజముగ పలుచనిది. చెఱ్ఱీ పండు వాసన, నాలుకపై కొంచెము పులుపు, గొంతున మెత్తదనము ఉండవలెను. కొయ్యవాసన గాఢముగ నున్నచో దానికి సొమ్ము వృథా.

బుర్గోన్ తరగతి వైనులను పదేండ్లు దాచనక్కరలేదు. పంటయేడు మొదలు రెండేండ్లనుండి అయిదారేండ్లలోపున త్రాగుట మంచిది. 14 మొదలు 16 డిగ్రీల చల్లదనమున అందింపవలెను. మన వేసవి గదిలోని వేడిమి దానికి శత్రువు గనుక, అరగంటసేపు ఫ్రిజ్‌లో నుంచి తీయవలెను. తెఱచిన సీసాను మఱునాటికి మించి ఉంచరాదు.