ఊరిలో అడిగిన ప్రశ్న

మనస్తత్వశాస్త్ర విద్యార్థికి పరిశోధనా పద్ధతులనగానే సగటు, ప్రామాణిక విచలనము, సహసంబంధము గుర్తుకు వచ్చును. లెక్కలు కావలసినవే. కాని ఆ అంకెలలో పెక్కు ఒక మనిషి మరొక మనిషిని అడిగిన మాటనుండి పుట్టినవి. ఆ అడిగెడి విద్యను తొందరగా ముగించి లెక్కలకు పోవుట నాకు సబబుగా తోచదు.

పత్తికొండ వైపుననో, పులివెందుల వైపుననో వానకై ఎదురుచూచుచున్న రైతు వద్దకు ఒక విద్యార్థి ప్రశ్నావళితో వెళ్ళినాడనుకొందము. “గత రెండు వారములలో మీరు ఆందోళనకు లోనైనారా?” అని అందున్నది. పుస్తకములో ఆ మాట మనసుకు సంబంధించినది. ఊరిలో ఆందోళన యనగా జెండాలు, ధర్నా, రాస్తారోకో. “మేము యాడికీ పోలేదు నాయినా, ఆ గలాటాలు మాకెందుకు?” అని రైతు అనును. విద్యార్థి “లేదు” అను గడిలో గుర్తు పెట్టును. బుడ్డల చేను ఎండి, మూడు రాత్రులుగా నిద్రలేని మనిషి పట్టికలో నిశ్చింతగా కూర్చుండును.

అనువాదమును సరిచూచుటకు ఒక పద్ధతి కలదు. ఒకరు ఇంగ్లీషు ప్రశ్నను తెలుగు చేయుదురు, మూలము చూడని మరొకరు దానిని తిరిగి ఇంగ్లీషు చేయుదురు, రెండింటిని పోల్చెదరు. మంచి పద్ధతియే. అయితే ఇద్దరు విద్యావంతుల నడుమ “ఆందోళన” క్షేమముగా పోయి లాభముగా తిరిగివచ్చును! చిక్కు వచ్చునది రచ్చబండ దగ్గర. కనుక ముందుగా ఊరిలో నలుగురికి ప్రశ్న చదివి, “దీనికి మీకేమి అర్థమైనది?” అని అడుగుట నేర్పవలెను. అప్పుడు దిగులు, యాష్ట, బేజారు అను మాటలు వెలికి వచ్చును. ఈ మూడును ఒకటి కావు. వాని తేడా ఊరివారే చెప్పగలరు.

మాట కుదిరినను చిక్కు తీరదు. కరవు సీమలో కాగితము పట్టుకొని వచ్చినవాడు జాబితా వ్రాయుటకు వచ్చినవాడే. సాయమందునేమోనని ఒకరు కష్టమును పెంచి చెప్పుదురు; పరువునకు వెరచి ఒకరు దాచుదురు. (మైకు ఎదుట పెట్టగానే చక్కగా మాటలాడుచున్న పెద్దమనిషి వార్తలు చదువు ధోరణికి దిగుట మా రేడియోవారికి అనుభవమే.)

జవాబును మాత్రమే నమ్ముకొనని పరిశోధన యొకటి తెలుగునాటనే జరిగినది. 1964లో హార్వర్డు ఆచార్యుడు డేవిడ్ మెక్లీలండ్ బృందము, ఏదైనను సాధింపవలెనను పట్టుదలను పెంచు శిక్షణను కాకినాడ వ్యాపారులకు హైదరాబాదులో ఇప్పించినది. శిక్షణ నచ్చినదా యని అడిగి ఊరకుండలేదు. తరువాత ఎవరు క్రొత్త వ్యాపారము పెట్టిరి, ఎంత మదుపు పెట్టిరి అని చూచి, శిక్షణ పొందనివారితో పోల్చిరి. ఆ వివరములు 1969లో గ్రంథముగా వెలువడినవి.

మన విద్యార్థియు “దిగులు లేదు” అన్న జవాబు ప్రక్కన, రాత్రి ఎప్పుడు కన్నుమూసిరి, అన్నము సహించుచున్నదా, చేని వైపు వెళ్ళి ఎన్నాళ్ళయినది అని అడిగి వ్రాసికొనవచ్చును. అప్పుల మాట మాత్రము నలుగురి ఎదుట అడుగరాదు.