ఆ విరామాలు రెండే

  

ప్రోగ్రామర్‌నవడానికి ముందు నేను మృదంగం నేర్చుకున్నాను. ఆదితాళం ఆవర్తనానికి 32 అక్షరాలు. ముగింపు తీర్మానంగా 'తదిగిణతొం' అనే ఐదక్షరాల ముక్కను మూడుసార్లు వాయించి, మధ్యలో ఒక్కో అక్షరం విరామమిచ్చి, సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, చేరాలి. మూడైదులు 15, విరామాలు మూడు, వెరసి 18 అనుకుని 14 అక్షరాలు వదిలి ఎత్తుకున్నాను. ఒక అక్షరం ముందే ముగిసింది. రెండోసారి చివరి 'తొం' సాగదీసి సమంలో పడేశాను. గురువుగారు చెయ్యి పట్టుకుని ఆపేశారు. "తప్పు వినబడింది సమం దగ్గర. పుట్టింది అక్కడ కాదురా. విలంబంలో, నెమ్మదిగా నోటితో చెప్పు" అన్నారు. చేత్తో తాళం వేస్తూ చెబితే దొరికింది. మూడు ముక్కల మధ్య సందులు రెండే! మొత్తం 17.

ఏళ్ల తర్వాత ఒక కంపెనీలో, రాత్రిపూట నడిచే బిల్లుల ప్రోగ్రాములో లెక్క ఒకటి తగ్గేది. చివర్లో ఒకటి కలిపాను. సరిపోయింది. నెలాఖరుకి ఒకావిడ ఫోన్ చేసి తన బిల్లే రాలేదన్నారు. రోజూ జాబితాలో చివరి పేరు జారిపోతోంది. నేను దిద్దింది అంకెను మాత్రమే. మళ్లీ ఆ 'తొం' సాగదీశానన్నమాట.

అందుకే, ఈ రోజు ప్రోగ్రామర్లుగా పట్టాలు అందుకున్న మిమ్మల్ని చూస్తే దిగులు. ప్రోగ్రాములో ఒకేసారి నడిచే రెండు థ్రెడ్లు ఢీకొంటే మధ్యలో ఒక స్లీప్, అంటే కాసేపు ఆగమనే ఆదేశం, పెడతారు, నడవగానే లేచిపోతారు. ఎందుకు నడిచిందర్రా అంటే "నడుస్తోంది కదా సార్" అంటారు. అదేం జవాబు నాయనా?

చిన్న తప్పు ఎక్కడికి దారితీస్తుందో తెలియాలంటే, 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో ఏమైందో చదవండి. పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టేది. బైనరీలో పదో వంతు ఎంత రాసినా తెగదు, 24 బిట్లకు కోసేశారు. కోతలో పోయింది రవ్వంతే. వంద గంటలు ఆపకుండా నడిచేసరికి అదే సెకనులో మూడో వంతైంది. ఆ తేడాతో పేట్రియాట్ అడ్డుకోలేకపోయిన స్కడ్ క్షిపణి వచ్చిపడింది, 28 మంది సైనికులు చనిపోయారు. మృదంగం భాషలో కాలప్రమాణం, అంటే లయ వేగం, జారడమంటే ఇదే.

మొదటి బగ్ ఎదురైనప్పుడు కీబోర్డు మీంచి చేతులు తీయండి. లూప్ మొదటి చుట్టు, చివరి చుట్టు పైకి చదవండి. పక్కవాళ్లు చూస్తే చూడనివ్వండి. గురువుగారు నా చెయ్యి పట్టుకుని ఆపిన ఆ సాయంత్రం ఆ తీర్మానం నేను చీకటిపడేదాకా నోటితోనే చెప్పాను. ఆ తర్వాతే గురువుగారు మృదంగం నా ముందుకు జరిపారు.