దూరప్రయాణానికి ఏ మోటార్ సైకిల్?



సెంటినరీ కాలనీ నుంచి మంథని మీదుగా కాళేశ్వరం దాకా దంపతులు వెళ్లి రావడానికి ఏ బండి మేలని మనవాళ్లు అడుగుతున్నారు. 2018లో వచ్చిన ఇంటర్‌సెప్టర్ 648 సీసీ. పరుగెక్కువ, బరువు 200 కిలోలు దాటుతుంది. బుల్లెట్ 350 నిదానం, అదీ 195 కిలోలు. హంటర్ 181.

సీసీ కన్నా ముందు మన కాళ్ల సంగతి చూడాలి. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి. ఇప్పుడు తారుమారు. ఆపదలో అలవాటు కొద్దీ ఎడమకాలు నొక్కితే గేరు మారుతుందే గాని బండి ఆగదు. బొగ్గు లారీల దారిలో అది ప్రాణం మీదికి వస్తుంది.

కనుక గ్రాట్యుటీ సొమ్ము కట్టేముందు ఇంటావిడను వెనక కూర్చోబెట్టుకుని, రెండు పాదాలూ నేలకానుతున్నాయో చూడండి. బండిని వెనక్కి నెట్టి చూడండి. ఖాళీ మైదానంలో కుడికాలి బ్రేకు అలవాటయ్యాకే రోడ్డెక్కండి.