మారెన్ మారే: వయోల్ వాదనకు లిపి కూర్చిన విద్వాంసుడు

వయోలా ద గాంబా అంటే ఇటాలియన్ భాషలో ‘కాలి వయోల్’ అని అర్థం. మోకాళ్ల నడుమ నిలిపి, అరచేయి పైకి తిరిగేలా కమాను పట్టుకుని వాయించే ఈ తంత్రీవాద్యానికి వయోలిన్‌కు లేని మెట్లు ఉంటాయి. అవి మెడ చుట్టూ పేగు తంతితో ముడివేసినవి కాబట్టి శ్రుతికి తగినట్టు జరుపుకోవచ్చు. మొదట ఆరు తంతులే ఉన్న ఈ వాద్యానికి మంద్రస్థాయిలో ఏడో తంతిని చేర్చిన ఘనత సెంత్ కొలోంబ్‌కు దక్కింది. అతని శిష్యుడే మారెన్ మారే.

1656 మే 31న పారిస్‌లో చెప్పులు కుట్టే వృత్తివాని ఇంట పుట్టిన మారే, 1667లో సెన్ జెర్మెన్ లొక్సెర్వా చర్చి బాలగాయక బృందంలో చేరి, 1672లో అక్కడి నుంచి బయటికి వచ్చి వయోల్‌ను తన విద్యగా ఎంచుకున్నాడు. శిష్యుడు తనను మించిపోతాడన్న శంకతో గురువు ఆరు నెలలకే పాఠం ఆపేశాడనీ, మల్బరీ చెట్టు కొమ్మల్లో కట్టుకున్న గదిలో గురువు సాధన చేస్తుండగా మారే కింద నిలబడి విని నేర్చుకున్నాడనీ తితోన్ ద్యు తియే 1732 నాటి గ్రంథంలో రాశాడు. ఈ కథ అక్షరాలా జరిగిందా లేదా అన్నదాని కంటే, ఆనాడు విద్య చేతిలోనూ చెవిలోనూ దాగి ఉండేదన్న వాస్తవాన్ని అది పట్టిచూపడమే ముఖ్యం. సెంత్ కొలోంబ్ రచనలు అతని జీవితకాలంలో అచ్చు కాక, రాతప్రతులుగానే మిగిలాయి.

మారే నడిచిన దారి వేరు. 1679లో పద్నాలుగో లూయీ ఆస్థానంలో వయోల్ విద్వాంసుడైన అతడు, తనకు రచనావిద్య నేర్పిన లులీకి తొలి సంపుటాన్ని అంకితమిచ్చి, 1686 నుంచి 1725 వరకు ఐదు సంపుటాల్లో దాదాపు 600 రచనలు ప్రకటించాడు. స్వరాలతోపాటు ఏ వేలు ఏ తంతి మీద పడాలో, కమానును తోయాలో లాగాలో అందులో సూచించాడు. కామా గుర్తు స్వరాన్ని పై స్వరంతో కలిపి వేగంగా ఊపే అలంకారానికీ, అలల గీత కంపితానికీ సంకేతాలు కాగా, ‘e’ అన్న ఫ్రెంచి అక్షరం కమాను ఒత్తిడితో నాదాన్ని ఉబ్బించమంటుంది. గమకం కాగితానికి లొంగదన్న నమ్మకానికి ఇంత ఓపికైన సమాధానం ఆ యుగంలో అరుదు.

ఒపెరాల్లో 1706 నాటి ‘అల్సియోన్’ తుఫాను ఘట్టం అతనికి పెద్ద పేరు తెచ్చినా, అతని హృదయం 1701లో వెలువడిన రెండో సంపుటంలో ఎక్కువగా వినిపిస్తుంది. ఫ్రెంచిలో సమాధి అనే అర్థమున్న ‘తొంబో’, మరణించిన వారి స్మృతికి అర్పించే నెమ్మది నడక రచన. మారే ఆ సంపుటంలో లులీకి ఒకటి, పాఠం ఆపేశాడని కథ చెప్పే గురువుకు ఒకటి రాశాడు.

1728 ఆగస్టు 15న మారే మరణించిన తరువాత వయోలిన్, చెల్లోల ధాటికి వయోల్ క్రమంగా వెనుకబడి, ఆ శతాబ్దం ముగిసేసరికి గురుపరంపర దాదాపు తెగిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో జోర్డి సవాల్ వంటి వారు ఈ వాద్యాన్ని మళ్లీ చేతికి తీసుకున్నప్పుడు నేర్పే గురువు స్థానంలో ఆ అచ్చు పుటలే ఎక్కువగా నిలిచాయి. ఈ సంగీతంలోకి కొత్తగా అడుగుపెట్టే శ్రోతలు సెంత్ కొలోంబ్ స్మృతికి మారే రాసిన తొంబోతో మొదలుపెట్టాలి. వీలైతే ఆ పుటను ఎదుట ఉంచుకుని వినాలి.